మూడో మిషన్ కింద కుర్చీ

నా పరువు పోయింది 20 మిల్లీమీటర్ల నీళ్ల దగ్గర. వరదా కాదు, తుపానూ కాదు. చిటికెన వేలి మొదటి కణుపంత ఎత్తు నీళ్లు. అవి ఎక్కడ నిలబడతాయో, ఎందుకు నిలబడతాయో తెలియని మనిషి ఏళ్ల తరబడి ఏసీ డిజైనర్నని చెప్పుకుని తిరిగాడు. కార్డు కూడా వేయించుకున్నాడు. ఆ మనిషిని నేనే.

అందులోనూ పుట్టింది ఎక్కడ? కోనసీమలో. మా నాన్న రాత్రి రెండింటికి బ్యాటరీ లైటు పట్టుకుని బోదె దగ్గర నిలబడి, ఏ మడిలోకి ఎంత నీళ్లు ఎక్కాయో కాలి పిక్కతో కొలిచేవాడు. కాలవ లస్కరుతో తగువు, ఎగువ చేను ఆసామితో తగువు, గట్టుకి బొరియ పెట్టిన ఎండ్రకాయతో తగువు. నీళ్లు ఎప్పుడు పారతాయి, ఎప్పుడు మొరాయిస్తాయి అన్నది ఆయన ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. నేనేమో ఆ నీళ్లూ ఆ బురదా వద్దనే చదువుకున్నాను. మెకానికల్ చదివి, హైదరాబాదు వచ్చి, గాలిని చల్లబరిచే ఉద్యోగంలో పడ్డాను. కాలికి తడి అంటని వృత్తి దొరికిందని మురిసిపోయాను. ఏసీ అంటే గాలితో పని అనుకున్నాను. సగానికి సగం నీళ్లతో పని అని తెలియడానికి ఒక పెళ్లి పాడు చెయ్యాల్సి వచ్చింది.

పన్నెండేళ్ల కిందటి మాట. మా మేనమామ కాలవ గట్టు రోడ్డు పక్కనున్న ఎకరం చేను మెరక చేయించి ఫంక్షన్ హాలు కట్టాడు. ఆ చుట్టుపక్కల అప్పటికి ఏసీ హాలు లేదు. పెళ్లంటే షామియానా, పెడస్టల్ ఫ్యాన్లు, పెళ్లికొడుకు వెనక నిలబడి తువ్వాలుతో విసిరే తమ్ముడు. "ఇంట్లో ఇంజనీరుండగా పైవాడికి డబ్బులెందుకురా అబ్బాయ్" అన్నాడు మావయ్య. ఫీజు ఊసు ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఊరికే చేసిపెడుతున్నానన్న గర్వం ఒకసారి తలకెక్కితే ఇక ఎవరి మాటా వినబుద్ధి కాదు.

లెక్క మాత్రం శుద్ధంగానే మొదలుపెట్టాను. 500 మంది జనం. ఊరికే కూర్చున్న మనిషి కూడా వంద వాట్ల పైచిలుకు పొయ్యి. పైన ఎండకి కాగిన శ్లాబు, వీడియోవాళ్ల లైట్లు, ఊపిరి కోసం లోపలికి తేవాల్సిన బయటి గాలి. అన్నీ కలిపితే 60 టన్నులు తేలింది.

ఈ టన్ను అనే మాట విని బరువనుకునేవాళ్లు చాలామంది. పూర్తిగా తప్పు కూడా కాదు. అమెరికా వాళ్ల టన్ను ఐసు, అంటే 907 కిలోలు, 24 గంటల్లో కరిగిపోతూ ఎంత వేడిని లాక్కుంటుందో అదే మా ఒక టన్ను. మూడున్నర కిలోవాట్లనుకోండి. యంత్రాలు రాకముందు చల్లదనం అంటే ఐసు బరువే కదా. అమెరికా సరస్సుల్లో కోసిన ఐసుని ఓడల్లో తెచ్చి దాచుకోవడానికి 1842లో మద్రాసు సముద్రం ఒడ్డున ఒక భవనమే కట్టారు. ఐసు పోయింది, కొలత మిగిలింది. ఆ లెక్కన 60 టన్నులంటే రోజుకి 54 వేల కిలోల పైచిలుకు ఐసు. ఆ హాల్లో ఐసు గుట్టలు పోస్తున్నానన్న ఊహ ఒక్కసారి వచ్చి ఉంటే, కరిగిన నీళ్ల సంగతేమిటన్న ఊహ కూడా దాని వెనకే వచ్చేదేమో. రాలేదు.

60కి సేఫ్టీ కోసం పది శాతం కలిపాను. తలుపులు ఊరికే తీసి మూస్తుంటారని ఇంకో పది. 73కి చేరింది. కాగితం మావయ్యకి చూపిస్తే, "కార్డులో 500 అంటారు గానీ 600 దిగుతార్రా, తక్కువైతే మన పరువు" అన్నాడు. సరే, 80 దాటించాను. అలాంటి హాళ్లకి వాడే డక్టబుల్ మిషన్లు 11 టన్నులవి దొరుకుతాయి. ఏడు పెడితే 77, చాలదు. ఎనిమిది పెడితే 88. అటు నాలుగు, ఇటు నాలుగు, డ్రాయింగులో చూడముచ్చటగా కుదిరింది. చూడముచ్చటగా ఉందని టన్నులు పెంచిన ఇంజనీర్ని నేను. వంటింట్లోకి వెళ్లిన ప్రతివాళ్లూ ఎవరికి వాళ్లు కాస్త ఉప్పు వేసి వచ్చిన పప్పులా తయారైంది లెక్క. తేడా ఏమిటంటే, ఇక్కడ వెళ్లిందీ వచ్చిందీ ముప్పాతిక మూడొంతులు నేనొక్కణ్నే.

హాల్లో జనరేటరూ మోటార్లూ చూసుకోవడానికి మావయ్య ఒక పెద్దాయన్ని పెట్టాడు. రొయ్యల ఐసు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు అమ్మోనియా కంప్రెసర్ నడిపిన మనిషి. ఊళ్లో అందరికీ ఐసు బాబాయ్. అమ్మోనియా ఘాటు చలవేమో, మాట్లాడేటప్పుడు కళ్లు సగం మూసే అలవాటు. నా డ్రాయింగు తిరగేసి రెండే ప్రశ్నలు అడిగాడు.

"ఇన్ని మిషన్లెందుకండి?"

"జనం వస్తారు బాబాయ్."

"మరి నీళ్లెటు పోతాయండి?"

చూపించాను. ప్రతి మిషన్ పక్కనా ఒక బాణం గుర్తు, దాని మీద 'డ్రెయిన్' అన్న ముక్క. ఆయన ఆ బాణాన్ని వేలితో ఒకసారి తడిమి "ఆయ్" అన్నాడు. గోదావరి జిల్లాల ఆయ్‌లో ఒప్పుకోలూ ఉంటుంది, 'సర్లే, నీ ఖర్మ' అన్నదీ ఉంటుంది. నేను మొదటిదనుకున్నాను.

బిగింపు జరుగుతున్నన్నాళ్లూ వారానికోసారి రాత్రి బస్సెక్కి వెళ్లి వచ్చేవాణ్ని. కాంట్రాక్టరు తరఫున పైపుల పని చేసే కుర్రాడొకడు, ఇరవై రెండేళ్లుంటాయి, చురుకైనవాడు. డ్రాయింగు ప్రకారం లేవని ఒకటి రెండు చోట్ల వాడి పని విప్పించి తిరిగి చేయించాను కూడా. పెద్ద ఇంజనీరు వచ్చాడంటే ఏదో ఒకటి విప్పించాలి గదా.

సంక్రాంతి వెళ్లిన వారానికి ట్రయల్ పెట్టాం. బయట చలిగాలి, లోపల ఖాళీ హాలు, మావయ్యా నేనూ మరో పదిమందీ. ఎనిమిది మిషన్లూ ఒక్కసారి వేశాం. ఇరవై నిమిషాల్లో 19 డిగ్రీలు. మావయ్య కండువా చెవుల మీదుగా చుట్టుకుని "ఊటీరా ఒరేయ్, ఊటీ" అన్నాడు. ఎదురుగా ఉన్న కరణం గారి మనవడికి వణుకు వచ్చిందని అందరికీ చెప్పాడు. హాలు వెనక డ్రెయిన్ పైపుల నోళ్లు పొడిగా ఉన్నాయి. ఆ పొడితనాన్ని కూడా నేను నా పనితనం ఖాతాలోనే రాసుకున్నాను. గాలిలో చెమ్మ లేని రోజున, మనుషులు లేని హాల్లో ఏసీని పరీక్షించడమంటే వేసవిలో ఎండిన కాలవలో దిగి ఈత వచ్చనుకోవడమే.

మొదటి పెళ్లి మే నెలలో. రాత్రి ముహూర్తం.

మే నెల సాయంత్రం కోనసీమ గాలి ఎలా ఉంటుందో అక్కడ పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. లెక్కలో చెప్తే కిలో గాలిలో 20 గ్రాముల పైన నీళ్లుంటాయి. మనిషికి హాయిగా ఉండాలంటే లోపలి గాలిలో 10, 11 గ్రాములకి మించకూడదు. అంటే లోపలికి తెచ్చే ప్రతి కిలో గాలినీ తడిబట్టలా పట్టుకుని 10 గ్రాములు పిండాలి. దీనికి 500 మంది ఊపిరీ చెమటా కలిపితే గంటకి సుమారు 150 లీటర్లు. ఇరవై లీటర్ల వాటర్ క్యాన్లు ఏడున్నర. గంటకి! ఈ లెక్క నేను ముందు కట్టలేదా అంటే, కట్టాను. నా కాగితం మీద అది కిలోవాట్లలో ఉంది. మొత్తం 60 టన్నుల్లో దాదాపు సగం ఈ చెమ్మ భారమే. దాన్ని లీటర్లలోకి మార్చి చూడలేదు, అంతే. మార్చి ఉంటే, గంటకి ఏడు క్యాన్ల నీళ్లు ఒక బాణం గుర్తు మీద నడిచి వెళ్లవని తట్టేది.

ఏడింటికి జనం రావడం మొదలైంది. మిషన్లు వేసిన కాసేపటికే హాలు చల్లబడింది, చల్లబడగానే మిషన్లు ఒక్కొక్కటే కట్టయ్యాయి. థర్మోస్టాటుకి తెలిసింది చలీ వేడీ మాత్రమే, చెమ్మ సంగతి దానికి పట్టదు. లోపలి కాయిల్ మీద నీళ్లు పట్టి, బొట్లు కట్టి, ట్రేలోకి జారాలంటే మిషన్ ఆగకుండా నడవాలి. 88 టన్నుల బలం ఉన్న నా మిషన్లు పది నిమిషాలు నడిచి, పని అయిపోయిందనుకుని కూర్చున్నాయి. కంప్రెసర్ ఆగినా బ్లోయర్ తిరుగుతూనే ఉంది గదా, కాయిల్ మీద పట్టిన తడిని మళ్లీ ఎగరేసి జనం మీదికే పంపింది. చల్లగా ఉంది, ఉక్కగానూ ఉంది. రెండూ ఒకేసారి ఉండొచ్చని ఆ రాత్రి 500 మంది ఒంటిమీద తెలుసుకున్నారు. పట్టుచీరలు వీపులకి అతుక్కున్నాయి. ఫోటోగ్రాఫరు బయటికీ లోపలికీ తిరిగినప్పుడల్లా లెన్సు తుడుచుకుంటున్నాడు. ఒక పెద్దావిడ, "ఏసీ అంటే ఏమో అనుకున్నాను, నూతిలో దిగినట్టుంది తల్లీ" అంది. ఆ మాటకి మించిన సాంకేతిక వర్ణన నేను ఇప్పటిదాకా వినలేదు.

అప్పుడు నేను చేసిన పని చెప్పాలంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. "అన్నీ 18లో పెట్టండి" అన్నాను.

చల్లటి మజ్జిగ గ్లాసు బయట చెమట ఎందుకు పడుతుందో ఎనిమిదో తరగతి పిల్లవాడు చెప్తాడు. గాలిలో చెమ్మ అలాగే ఉంచి, గాలి వచ్చే గ్రిల్లుల్ని ఇంకా చల్లబరిస్తే అవి మజ్జిగ గ్లాసులు కాక ఏమవుతాయి? పావుగంటలో తెల్లటి అల్యూమినియం గ్రిల్లులన్నిటి అంచులా ముత్యాలు కట్టాయి. అంతటితో ఆగి ఉంటే చెమట అని సర్దిచెప్పేవాణ్ని. మిషన్లు ఇప్పుడు ఆగకుండా నడవడంతో పైన ట్రేలు నిండడం మొదలైంది.

మొదటి చుక్క పంతులుగారి పుస్తకం మీద పడింది. ఆయన ఉత్తరీయంతో తుడిచి పేజీ తిప్పారు. రెండోది తలంబ్రాల పళ్లెంలో. కాసేపటికి మండపం పైన జిప్సం బోర్డుల అతుకు పొడవునా ఒక గోధుమరంగు చార, చార నుంచి ధార. మేళం వాళ్లు ముందు డోలు ఎత్తుకుని పరుగెత్తారు. తోలు తడిస్తే ఇక పలకదు. ఎవరో వంటశాల నుంచి గుండిగ తెచ్చి ధార కింద పెట్టారు. జీలకర్ర బెల్లం వేళకి వధూవరుల తలల మీద మేనమామలు దుప్పటి పట్టుకున్నారు. "పెళ్లిలో వాన శుభమే" అని ఎవరో అనబోతే మగపెళ్లివారి పెద్దమనిషి ఆయనకేసి చూసిన చూపు నాకు తగిలింది. మావయ్య ఏమీ అనలేదు. స్తంభానికి ఆనుకుని, కండువా తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తిట్టి ఉంటే బాగుండేది.

పన్నెండున్నరకి మిషన్లన్నీ ఆపించాను. ఆపిన అరనిమిషానికి హాలు వెనక దబదబా చప్పుడు. ఎనిమిది పైపుల్లోంచీ ఒక్కసారిగా నీళ్లు, పైనుంచి ఎవరో బిందెలతో కుమ్మరిస్తున్నట్టు. గుండిగలు తోముతున్నవాళ్లు కేకలేసుకుంటూ లేచారు. నేను అక్కడే ఉన్నాను. నా చెప్పులు తడిశాయి. మిషన్ నడుస్తున్నంతసేపూ రాని నీళ్లు ఆపగానే ఎందుకొచ్చాయి? రోగం పేరు రోగే చెప్తున్నాడు. నేను మాత్రం 'పైపు పూడుకుపోలేదన్నమాట' అనుకుని వెళ్లి పడుకున్నాను.

మర్నాడు పొద్దున్నే పైపుల కుర్రాణ్ని పిలిపించాను. "వాటం సరిగ్గా ఇవ్వలేదు నువ్వు" అన్నాను, పనివాళ్లందరి ముందూ. వాడు ఏదో చెప్పబోయాడు. "నువ్వు నాకు చెప్పకు" అన్నాను. కాంట్రాక్టరు బిల్లులో 9,000 రూపాయలు కోయించాను. కోసింది కాంట్రాక్టరు బిల్లులోనే అయినా, కాంట్రాక్టరు దాన్ని ఎవరి జీతంలోంచి కోస్తాడో నాకు తెలియదా? ఫాల్ సీలింగు పగలగొట్టించి, పైపులన్నీ తీయించి, వాటం రెండింతలు చేసి, 25 మిల్లీమీటర్ల పైపుల స్థానంలో 40 మిల్లీమీటర్లవి వేయించాను. గ్రిల్లుల వెనక ఇన్సులేషన్ మందం పెంచాను. తొమ్మిది రోజులకి రెండో పెళ్లి. అదే వాన. నిజం చెప్పాలంటే పైపు లావైంది కాబట్టి జబ్బూ ముదిరింది. మూడో పెళ్లికి మావయ్య నాతో చెప్పకుండా మండపం మీద లోపలే ఒక టార్పాలిన్ పందిరి వేయించి, దానికి పూలు కట్టించాడు. మూడున్నర లక్షల ఫాల్ సీలింగు కింద నాలుగు వేల టార్పాలిన్.

ఆ మర్నాడు ఐసు బాబాయ్ నా దగ్గరికి వచ్చి, "ఒకసారి వెనక్కి వస్తారా అండి" అన్నాడు. అన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నాడో తర్వాత అడిగాను. "మీరు అడగలేదు గదండి" అన్నాడు.

మూడో మిషన్ ఒక్కటే వేయించాడు. దాని డ్రెయిన్ పైపు హాలు వెనక గోడకి నడుమెత్తున బయటికి వస్తుంది. బాబాయ్ బీడీ ముట్టించి, రెండు దమ్ములు లాగి, ఆ బీడీని పైపు నోటి దగ్గర పెట్టాడు. నీళ్లు బయటికి రావలసిన పైపులోకి పొగ సన్నటి తాడులా సాగి లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ వెళ్లిపోయింది. "అరచెయ్యి పెట్టి చూడండి" అన్నాడు. పెట్టాను. చిన్నపిల్లవాడి నోరులా నా అరచేతిని పీల్చింది. ఇంతలో హాల్లో కుర్చీలు సర్దుతున్న కుర్రాడు లోపల్నుంచి అరిచాడు: "ఎవర్రా ఏసీ హాల్లో బీడీ కాలుస్తోంది?"

నిచ్చెన వేసుకుని పైకెక్కాం. బ్యాటరీ లైటు వెలుగులో ట్రే కనిపించింది. నిండా నీళ్లు. పైపు మొదలు దగ్గర ఆ నీళ్లు ఎసరు మరిగినట్టు కుతకుతమంటున్నాయి. ముట్టుకుంటే మంచులా ఉన్నాయి. పైపు గుండా వస్తున్న గాలి ఆ నీళ్లని కిందికి దిగనీయకుండా తోసుకుంటూ లోపలికి దూరుతోంది.

బాబాయ్ మేస్త్రీల లెవెల్ పైపు, ఆ తెల్లగా కనిపించే ప్లాస్టిక్ గొట్టం, జానెడున్నర ముక్క తెచ్చుకున్నాడు. డ్రెయిన్ పైపుని మిషన్ దగ్గర కోసి, మధ్యలో ఆ ముక్క తొడిగి, దాన్ని కిందికి ఉయ్యాలలా వంచి, బైండింగ్ వైరుతో కట్టాడు. వంపులో గ్లాసుడు నీళ్లు పోసి మిషన్ వేయమన్నాడు. వంపులో నీళ్లు కదిలాయి. మిషన్ వైపు కాస్త ఎక్కాయి, బయటి వైపు కాస్త దిగాయి, అక్కడ ఆగిపోయాయి. రెండింటికీ తేడా నా చిటికెన వేలి మొదటి కణుపంత. కుతకుత ఆగిపోయింది. ట్రేలో నీళ్లు చల్లగా, మర్యాదగా, గొట్టంలోకి దిగడం మొదలెట్టాయి. బయట గోడ దగ్గర మొదట చుక్క, తర్వాత చుక్కా చుక్కా, తర్వాత ధార.

"పీల్చే నోరండి అది. నోటికి నీళ్లు అడ్డం పెడితే కక్కుతుంది" అన్నాడు.

ఇంత చిన్న సంగతి. ఆ మిషన్లలో బ్లోయర్ కాయిల్ వెనక ఉంటుంది. కాయిల్ గుండా గాలిని తన వైపు లాక్కుంటుంది. కాబట్టి కాయిల్ కింద ట్రే ఉన్న పెట్టె అంతా ఎప్పుడూ పీలుస్తూనే ఉంటుంది. ఎంత బలంగా? 20 మిల్లీమీటర్ల నీళ్లని పైకి లేపగలిగినంత. పెద్ద బలమేమీ కాదు. కానీ ఎదురు ఏదీ లేకపోతే ఆ మాత్రం బలమే డ్రెయిన్ పైపు గుండా బయటి గాలిని లాగుతూ నీళ్లని ట్రేలోనే నిలబెట్టేస్తుంది. పైపులో ఒక వంపు పెట్టి, అందులో అంతకు రెండు మూడింతల లోతు నీళ్లు ఉంచితే, పీల్పు ఆ నీళ్లని కాస్త లేపి అలసిపోతుంది, గాలికి దారి ఉండదు, కొత్తగా వచ్చిన నీళ్లు వాటి దారిన అవి పోతాయి. చేతులు కడుక్కునే సింకు కింద కూడా వంపుంటుంది, వాసన రాకుండా. రోజూ దాని ముందు నిలబడి పళ్లు తోముకునేవాణ్ని.

మిషన్‌తో పాటు వచ్చిన పుస్తకంలో ఆ వంపు బొమ్మ ఉంది, లోతు కొలతతో సహా. ఎనిమిది మిషన్లకి ఎనిమిది పుస్తకాలు. నా సంచిలో పాలిథిన్ కవర్లు కూడా చింపకుండా ఉన్నాయి.

ఇంటికి వెళ్లి నాన్నకి చెప్పాను. ఆయన నవ్వలేదు, అదీ బాధ. "మురుక్కాలవ ఎదురు తన్నితే తూము ఎత్తినా చేలో నీళ్లు దిగవు గదరా. మీ చదువులో చెప్పరా ఇది?" అని అడిగాడు, నిజంగానే తెలుసుకుందామని. చెప్పారు నాన్నా, ఇంగ్లీషులో చెప్పారు, నూటికి ఎనభై మార్కులొచ్చాయి.

వంపులు వానని ఆపాయి గానీ జిగటని ఆపలేదు. బాబాయ్ మొదటి ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. నాలుగో పెళ్లికి ఆయనే చొరవ తీసుకుని, మూడు మిషన్లు బ్లోయర్లతో సహా పూర్తిగా ఆపేసి, ఐదింటినే 24లో పెట్టి, ముహూర్తానికి రెండు గంటల ముందు నుంచీ ఆగకుండా నడిపాడు. భోజనాల వేళ జనం కమ్మినప్పుడు ఆరోది వేశాడు. హాలు వెనక పైపులు సన్నటి కాలవల్లా పారుతూనే ఉన్నాయి. లోపల మాత్రం చీరలు గలగలలాడాయి. ఎవరికీ ఏసీ ఉన్నట్టే గుర్తు రాలేదు. 88 టన్నుల డబ్బు పెట్టి చాలాసేపు 55 టన్నులతోనే సుఖపడ్డాం. మిగిలిన మిషన్లు చాన్నాళ్లు పండక్కొచ్చి కదలని అల్లుళ్లలా పైనే కూర్చున్నాయి. తర్వాత రెండింటిని దింపి భోజనాల హాలుకి మార్చారు. ఆ ఖర్చు నేను పెట్టుకుంటానంటే మావయ్య "నీ ఫీజులో మినహాయించుకుంటాలేరా" అన్నాడు. ఫీజు లేదని మళ్లీ చెప్పక్కర్లేదు కదా.

నా మూర్ఖత్వంలో నాకు బాగా గుచ్చుకునే భాగం వేరే ఉంది. ఈ చెమ్మ సంగతి నాకు తెలుసు. తెలియడం కాదు, పాఠం చెప్పేవాణ్ని. ఇంజనీరింగు కాలేజీలు పిలిస్తే వెళ్లి ఎప్పుడూ ఒకే కథతో మొదలుపెట్టేవాణ్ని. 1902, అమెరికాలో బ్రూక్లిన్. అక్కడొక రంగుల అచ్చాఫీసు. ఒక రంగు వేసి రెండో రంగు వేసేలోపు వేసవి చెమ్మకి కాగితం సాగిపోయి, రంగు మీద రంగు కూర్చునేది కాదు. విల్లిస్ కారియర్ అనే పాతికేళ్ల ఇంజనీరు చల్లటి గొట్టాల మీదుగా గాలిని పంపి, చెమ్మని 55 శాతం దగ్గర నిలబెట్టే ఏర్పాటు గీశాడు. ఆధునిక ఏసీ పుట్టింది అక్కడే. మనుషుల చెమట ఆరబెట్టడానికి కాదు, కాగితం సాగకుండా ఆపడానికి. ఇక్కడ కాస్త ఆగి, గొంతు తగ్గించి, "కాబట్టి పిల్లలూ, ఏసీ అంటే చలి మిషన్ కాదు" అనేవాణ్ని. చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ చప్పట్లు విని ఇంటికొచ్చి 88 టన్నుల చలి మిషన్ గీశాను.

ఇల్లంటే గుర్తొచ్చింది. హాలు కన్నా రెండేళ్ల ముందే మా పడగ్గదిలో, పది బై పన్నెండు గదిలో, రెండు టన్నుల ఏసీ పెట్టించాను. ఏసీ ఇంజనీరు ఇంట్లో టన్ను ఏసీ ఉంటే నామోషీ అని. వానాకాలం రాగానే మా ఆవిడ, "చల్లగానే ఉందండీ, కానీ దుప్పటి తడిగా తగులుతోంది. దిండు వాసనేస్తోంది" అంది. నేను రిమోటు చూపించి "24 చూపిస్తోంది గదా" అన్నాను. ఆవిడ దిండు తీసుకుని పిల్లల గదిలోకి, ఫ్యాను కిందికి వెళ్లి పడుకుంది. బయటివాళ్లు చెప్తే అది ఫిర్యాదు, వెళ్లి చూడాలి. ఇంట్లో చెప్తే సణుగుడు. ఇప్పుడు ఆ గదిలో టన్ను మిషనే ఉంది. ఆవిడ దాని గురించి ఏమీ అనదు. అననందుకు నేనేదో మెప్పు ఆశిస్తే, "గది ఇప్పుడు గదిలా ఉంది" అంటుంది.

పైపుల కుర్రాడి సంగతి మాత్రం చాలా రోజులు వాయిదా వేశాను. 9,000 వాడికి అందేలా చూడాలని కాంట్రాక్టరుకి ఫోన్ చేస్తే, వాడు కువైట్ వెళ్లిపోయాడన్నాడు. కోనసీమ కుర్రాళ్లకి కువైట్ పక్కూరు. నంబరు సంపాదించి ఒక శుక్రవారం, అక్కడ సెలవు కదా అని, ఫోన్ చేశాను. ఎవరో చెప్పగానే "చెప్పండి సార్" అన్నాడు మామూలుగా. తప్పు నాదేనని, వాటం కాదని, వంపు లేకపోవడమని, డ్రాయింగులో నేను గీయలేదని, ముందే తయారు చేసుకున్న మాటలన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను.

అటువైపు కాసేపు ఏమీ వినపడలేదు.

"ఒకటో మిషన్‌కి పెట్టానండి నేను వంపు" అన్నాడు. "పుస్తకంలో చూసి పెట్టాను. మీరొచ్చి తీయించేశారు. నీళ్లు నిలవుంటే చెత్త పేరుకుంటుంది, దోమలొస్తాయి, తిన్నగా లాగరా అన్నారు."

నాకు గుర్తొచ్చింది. నిచ్చెన కింద నిలబడి అన్నాను. డ్రాయింగు చుట్ట చేతిలో పట్టుకుని, దాంతోనే ఆ వంపుని చూపిస్తూ అన్నాను. వాడి మెడకి తువ్వాలుంది. వాడు దాంతో ముఖం తుడుచుకుని, కిందికి దిగి, హాక్సా తీసుకుని మళ్లీ పైకెక్కాడు.

"అప్పుడే ఎందుకు చెప్పలేదురా" అన్నాను.

"చెప్పబోతే వద్దన్నారు గదండి" అన్నాడు. తర్వాత వాళ్లమ్మ బ్యాంకు అకౌంటు నంబరు పంపాడు, నేను రెండోసారి అడిగాక. డబ్బు వేశాను. వడ్డీ వేయాలా వద్దా అని కాసేపు ఆలోచించి, వేస్తే లెక్క తీరిపోయిందనుకుంటానని వేయలేదు. ఇప్పుడు తలుచుకుంటే అదీ తెలివితక్కువ పనే. వాళ్లమ్మకి ఆ వడ్డీ పనికొచ్చేది.

ఇక హాలు. ఏడు మిషన్లకి సరైన కొలతల్లో పీవీసీ వంపులు పెట్టించాం. మూడోదానికి మాత్రం బాబాయ్ కట్టిన లెవెల్ పైపూ, బైండింగ్ వైరూ చాలా ఏళ్లు అలాగే ఉన్నాయి. గొట్టం పచ్చబడి, వైరు తుప్పు పట్టినా పనిచేస్తూనే ఉంది. ఈ వంపులతో ఒక్కటే ఇబ్బంది. ఆషాఢంలోనూ, మూఢాల్లోనూ పెళ్లిళ్లుండవు, మిషన్లు నడవవు. నెలా రెండు నెలలు ఖాళీగా ఉంటే వంపులో నీళ్లు ఎండిపోతాయి, ఎండితే అది మళ్లీ పీల్చే నోరే. అందుకని శ్రావణం ముహూర్తాలకి ముందు ఎవరో ఒకరు నిచ్చెనేసుకుని ఎనిమిది వంపుల్లోనూ చెంబుడు నీళ్లు పోయాలి. బాబాయ్ ఉన్నన్నాళ్లూ ఆయన పోసేవాడు. ఇప్పుడు ఆయన మనవడు పోస్తున్నాడు.

పోయించగానే మావయ్య నాకు ఫోన్ చేస్తాడు. ఎనభై రెండేళ్లొచ్చినా ఈ ఒక్కటీ మర్చిపోడు. "ఒరేయ్ అబ్బాయ్, నీ మిషన్లకి అభిషేకం అయిపోయింది. పెళ్లికి రా" అంటాడు. వెళ్తే ముందు వరసలో ఒక కుర్చీకి తువ్వాలు వేసి ఉంటుంది, నా కోసం. సరిగ్గా మూడో మిషన్ గ్రిల్లు కింద.